నా కంచంలో మిగిలే ఎంగిలి

ఏప్రిల్ 14. నరసరావుపేట దగ్గర ఒక ఊరి మాదిగపల్లెలో అంబేద్కర్ జయంతి. దండలు వేసి, మాట్లాడి, కేకు కోసి, ఫోటోలు దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టింది. కంచం నిండా అన్నం, మీద పెద్దకూర, పక్కన గోంగూర. తెల్లారుజామునే లేచి కట్టెల పొయ్యి మీద వండానని చెప్పింది. మూడు ముద్దలు తిన్నా. నాలుగోది మింగాక రొమ్ము ఎముక వెనకాల రాయి అడ్డం పడ్డట్టయింది. నోట్లో నీళ్ళూరాయి. ఇక ఒక్క మెతుకు లోపలికి పోయినా అంతా బయటికొస్తుందని నాకు తెలుసు. చెయ్యి కడిగేశా.

పెద్దమ్మ కంచం వంక చూసింది, నా వంక చూసింది. "ఉప్పెక్కువైందా అమ్మా?" అని మాత్రం అడిగింది. గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు, డిగ్రీ చదివే పిల్లాడు, పక్కవాడితో నాకు వినపడేలాగే అన్నాడు: "ఉద్యోగాలొచ్చాక మన ఇళ్ళల్లో తినబుద్ధి కాదురా వీళ్ళకి."

అరగంట ముందు మైకు పట్టుకుని నేను మాట్లాడింది కలిసి తినడం గురించే.

ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. వాడి వయసులో నేనూ అదే అనేదాన్ని. నిజానికి అన్నాను కూడా, ఒక పెద్దాయన్ని, మా యూనివర్సిటీ హాస్టల్లో. ఆయన అన్నం ముట్టకపోవడానికి ఏ కారణం ఉందో అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు.

మిత్రులారా, ఈ సిరీస్‌లో హాస్టల్ గురించి రాశా, వైవాలో నన్ను అడిగిన ప్రశ్నల గురించి రాశా, మా నాయన గురించి రాశా. ఇది మాత్రం రాయకుండా దాటేస్తూ వచ్చా. 2017 మే నెలలో నేను గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నా. బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్. ఎనిమిదేళ్ళుగా అడిగినవాళ్ళందరికీ "గ్యాస్ ప్రాబ్లం" అని చెప్తున్నా.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, బరువు 121 కిలోలు. మూడు నెలల షుగర్ సగటు 9.2. రాత్రిళ్ళు నిద్రలో ఊపిరాగిపోయి లేచి కూర్చునేదాన్ని. అంతకు రెండేళ్ళ ముందే మా నాయనకి షుగర్‌తో కాలు తీసేశారు. ముందు బొటనవేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా. తాపీ పని చేసిన మనిషి, సారువ ఎక్కి దిగిన మనిషి, వసారాలో కుర్చీలో కూర్చుని కట్టు వంక చూసుకుంటూ ఉండేవాడు. "నీకు ఇది రాకుండా చూసుకోవే" అన్నాడు ఒక రోజు. ఆ ఏడాదే పోయాడు.

అందం కోసం కోయించుకున్నావా అని అడిగేవాళ్ళకి నా జవాబు మా నాయన కాలు. కానీ అది పూర్తి జవాబు కాదు, అబద్ధం ఎందుకు? ఆ నిర్ణయంలో మా స్టాఫ్‌రూమ్ కూడా ఉంది. నేను బాక్సు తెరిస్తే "హాస్టల్ బియ్యం బాగా ఒంటబట్టాయి మేడం" అని నవ్విన వాళ్ళున్నారు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు లావుగా ఉంటే కలిగినింటి ఒళ్ళు. నేను లావుగా ఉంటే గవర్నమెంటు సొమ్ము తిన్న ఒళ్ళు. సన్నగా ఉంటే ఏమనేవాళ్ళో కూడా నాకు తెలుసు. మా అమ్మని అన్నారుగా, కరువు మొహం అని.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇంట్లో జొన్నసంకటి పోయి రెండు పూటలా తెల్లన్నం వచ్చిందని మా అమ్మమ్మ పండగలాగా చెప్పేది. ఆ బియ్యాన్ని నేను తిట్టను. మమ్మల్ని బతికించింది. కానీ ఆ అన్నంలోకి పప్పు, గుడ్డు కొనుక్కునేంత కూలి ఎప్పుడూ రాలేదు. కారం, పచ్చడి, మజ్జిగనీళ్ళు. కడుపు నిండడానికి అన్నమే ఎక్కువ తినాలి. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. అప్పుడు తల్లి కడుపులో ఉన్న పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ ఒంటికి షుగర్‌ని అదుపు చేసుకునే శక్తి తగ్గిందని డాక్టర్లు దశాబ్దాల తర్వాత తేల్చారు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం మన పల్లెల్లో పుట్టే బక్క పిల్లల్ని కొలిచి, బరువు తక్కువున్నా వాళ్ళ ఒంట్లో కొవ్వు పాలు మాత్రం తగ్గట్లేదని చూపించింది. నా ఒంటికి అదే కారణమని నేను రుజువు చెయ్యలేను. నేను కడుపులో ఉండగా ఎనిమిదో నెలలో కూడా మా అమ్మ మిరపకోతలకి పోయిందని మాత్రం చెప్పగలను.

కాంట్రాక్టు జీతం మీద బ్యాంకు లోను, మా అమ్మ చీటీ డబ్బులు కలిపి ఆపరేషన్ చేయించుకున్నా.

ఏం చేస్తారో చాలామందికి తెలియదు. కొవ్వు తీసేస్తారనుకుంటారు. కాదు. పొట్ట పైభాగంలో చిన్న సంచిలాంటిది మిగిల్చి దాన్ని మిగతా పొట్ట నుంచి వేరు చేస్తారు. మొదట్లో అందులో ముప్పై మిల్లీలీటర్లు పడుతుంది, అంటే రోడ్డు పక్క టీ కొట్లో ఇచ్చే పేపరు కప్పులో సగం. తర్వాత చిన్న పేగుని కొంత దూరం కిందికి పోయాక కత్తిరించి, పైకి తెచ్చి ఆ సంచికి కుడతారు. తిన్నది పెద్ద పొట్టలోకి పోదు, పేగు మొదటి భాగంలోకి పోదు. నేరుగా కిందికి పోతుంది. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ దాటేసిన భాగంలోనే. బి12 పట్టాలంటే పొట్టలో ఊరే రసాలు కావాలి, అవి కూడా పక్కకి పోయాయి. ఇదంతా ఆపరేషన్ ముందు చెప్పారు. కాయితాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నారు. ఆ రోజు నేను విన్నది ఒక్కటే, షుగర్ పోతుందని.

పోయింది. రెండో వారానికే మాత్రలు ఆపారు. ఏడాదిన్నరలో 72 కిలోలకి వచ్చా. మెట్లెక్కితే ఆయాసం లేదు. రాత్రి నిద్ర పట్టింది. ఆర్టీసీ బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు మొహం చిట్లించడం మానేశారు. స్టాఫ్‌రూమ్‌లో నాకు కుర్చీ జరపడం మొదలైంది. పిహెచ్‌డికి రాని గౌరవం 49 కిలోలు తగ్గితే వచ్చింది. సంతోషపడ్డానా అంటే పడ్డాను. ఆ సంతోషం మీద అసహ్యం కూడా వేసింది, కానీ అది తర్వాత.

నాలుగో నెల నుంచి జుట్టు దువ్వెనకి గుప్పెళ్ళుగా వచ్చింది. అది చాలామందికి వస్తుంది, మళ్ళీ మొలుస్తుంది. నాకూ మొలిచింది, జడ మాత్రం మునుపటంత లేదు. వేలాడే చర్మం సంగతి వదిలేయండి.

వదలనిది తీపి. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగితే పావుగంటలో గుండె దడ, ఒళ్ళంతా చెమట, కడుపులో మెలిక, పరుగు. డంపింగ్ అంటారు దీన్ని. జయంతి రోజు స్టేజీ మీద నోట్లో పెట్టే కేకు ముక్క నాకు ఎంత భయమో ఎవరికి చెప్పను? ప్రేమగా పెట్టే చేతిని ఆపలేను. దవడలో దాచుకుని, కిందికి దిగాక చేతిరుమాలులో ఊసేసిన జయంతులు ఎన్నో.

ఇంకోటి నెమ్మదిగా వస్తుంది, తిన్న గంటా రెండు గంటలకి. తెల్లన్నం ఎక్కువైతే షుగర్ పైకి ఎగిరి, దానికి ఒళ్ళు ఇన్సులిన్ అతిగా వదిలి, ఉన్న షుగర్ కూడా పడిపోతుంది. ఒకసారి మధ్యాహ్నం క్లాసులో జాషువా 'గబ్బిలం' చెబుతున్నా. ఆకలితో ఉన్న అరుంధతీసుతుడి గురించి చెబుతూ చెబుతూ చేతిలో సుద్దముక్క వణికింది. మాట తడబడింది. పిల్లలు నేను ఏడుస్తున్నాననుకున్నారు. ముందు బెంచీలో అమ్మాయి లేచొచ్చి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చింది. క్లాసయ్యాక ఇంకో పిల్లాడు, "మేడం, ఇవాళ పాఠం గుండెల్లోకి పోయింది" అన్నాడు. షుగర్ 52కి పడిపోయిందని వాడికి ఏం చెప్పను!

అసలు దెబ్బ 2020 తర్వాత తగిలింది. లాక్‌డౌన్‌లో కాంట్రాక్టు వాళ్ళకి జీతాలు ఆగాయి. మాత్రలకి, పరీక్షలకి అయ్యే ఖర్చు ఇంటి సరుకులతో పోటీ పడింది. మాత్రలే ఓడిపోయాయి. ఒంట్లో బాగానే ఉందిగా అనుకున్నా. ఇక్కడే చాలామంది పడతారు, ఎందుకంటే బి12 కొన్నాళ్ళ పాటు నిల్వలోంచి నడుస్తుంది, అయిపోయేదాకా తెలియదు. 2021లో అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. తర్వాత చెప్పులు జారిపోయినా తెలిసేది కాదు. పేర్లు మర్చిపోవడం మొదలుపెట్టా. మూడేళ్ళు చదువు చెప్పిన పిల్లల పేర్లు. హిమోగ్లోబిన్ 7.1. కాళ్ళు మొద్దుబారాయనగానే నాకు మా నాయన కాలే కనపడింది, ఎందుకు మొద్దుబారిందో డాక్టరు చెప్పేదాకా.

ఇప్పుడు నెలకో బి12 ఇంజక్షన్. ఐరన్ పడిపోయినప్పుడల్లా హాస్పిటల్లో మంచం మీద పడుకుని డ్రిప్. మరిగిన డికాక్షన్ రంగులో సీసా. ఆ సీసా వంక చూస్తూ పడుకుంటే నాకు ఒకటే గుర్తొచ్చేది. మా చిన్నప్పుడు యాటని కోసినరోజు నెత్తురు గడ్డకట్టించి వేపేవాళ్ళు. కార్జం పిల్లలకి పెట్టేవాళ్ళు. బడిలో ఆ వాసన చెప్పి ముక్కు మూసుకునేవాళ్ళు తోటి పిల్లలు. ఒంటికి తేలిగ్గా పట్టే ఐరన్ అందులోనే ఉందని బయాలజీ పుస్తకంలో ఎవరూ రాయలేదు. ఇప్పుడు అదే ఐరన్‌ని వేల రూపాయలు పోసి నరంలోకి ఎక్కించుకుంటున్నా.

పెద్దకూర సంగతి చెప్పాలి. 2012లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు, గొడవలైనప్పుడు, నేను రీసెర్చ్ స్కాలర్ని. మా క్యాంపస్‌లో దాని మీద రాత్రంతా చర్చలు. మా తిండి మా హక్కు అని నేను రాసిన కరపత్రం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ మనిషికి ఇప్పుడు పెద్దకూర గొంతు దిగదు. పీచు పీచుగా ఉండే మాంసం ఈ చిన్న సంచి దాటి పోదు. ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి ఇంతే. గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, వీటితో రోజుకి అరవై గ్రాముల ప్రోటీన్ లెక్క చూసుకోవాలి. చూసేవాళ్ళకి నా బాక్సు ఎలా కనపడుతుంది? పెరుగూ, పప్పూ. "మేడం మారిపోయారు" అని ఒక అన్న నవ్వాడు. నవ్వులో ముల్లుంది.

2022లో ఇంకో పొరపాటు చేశా. మూడు రోజుల పాదయాత్రలో నడుం పట్టేస్తే ఊళ్ళో ఆర్ఎంపీ డైక్లోఫినాక్ ఇంజక్షన్ పొడిచి, వారానికి మాత్రలిచ్చాడు. ఆయన తప్పేం లేదు, ఆపరేషన్ సంగతి నేను చెప్పలేదు. పదో రోజుకి విరేచనం తారులాగా నల్లగా అయింది. పేగుని కుట్టిన చోట పుండు పడి నెత్తురు కారుతోంది. బైపాస్ అయినవాళ్ళు డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మందులకి జీవితాంతం దూరంగా ఉండాలి. ఇప్పుడు నా పర్సులో ఒక కార్డు ఉంటుంది, తెలుగులో నేనే రాసుకున్నా: నాకు ఏ ఆపరేషన్ అయింది, ఏ మందు ఇవ్వకూడదు. మీలో ఎవరికైనా ఇది అయ్యుంటే ఈ రాత్రే రాసుకోండి. కాల్షియం కొనేటప్పుడు సిట్రేట్ అని అడిగి తీసుకోండి, కార్బొనేట్‌కి పొట్టలో ఆమ్లం కావాలి. ఐరన్ మాత్ర దానితో కలిపి వేసుకోకండి, రెండు గంటలు ఎడం ఉండాలి. ఆడపిల్లలు గర్భం వచ్చాక షుగర్ పరీక్షకి గ్లూకోజు నీళ్ళు తాగమంటే ముందే ఆపరేషన్ సంగతి చెప్పండి, వేరే పద్ధతులున్నాయి. మీటింగయ్యాక కూర్చునే అన్నలకి ఒక మాట. ఈ ఆపరేషన్ తర్వాత మందు త్వరగా ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది, అలవాటు పడే ప్రమాదం కూడా పెరుగుతుంది. నేను ఉపన్యాసం ఇవ్వను, మీ ఇష్టం.

ఇవన్నీ మందులతో, పరీక్షలతో నడుస్తాయి. నడవనిది ఒకటుంది.

ఓంప్రకాష్ వాల్మీకి 'జూఠన్' మీలో చాలామంది చదివారు. ఆ మాటకి అర్థం ఎంగిలి. పెళ్ళిలో గొడ్డుచాకిరీ చేసి పిల్లలకి కాస్త అన్నం అడిగిన తల్లికి, ఎంగిలి విస్తళ్ళ మెతుకులు నింపిన తట్ట చూపిస్తాడు ఆ ఇంటి త్యాగి. ఆమె ఆ తట్ట తిరగబోసి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఆ గడప తొక్కదు. నేను ఏటా క్లాసులో ఆ ఘట్టం చెప్తా. మా అమ్మ కథ కూడా అందులోనే కలిపి చెప్తా. ఊళ్ళో పెళ్ళిళ్ళకి విస్తళ్ళు ఎత్తడానికి పోయేది మా అమ్మ. తినకుండా వదిలేసిన లడ్లు చెంగున కట్టుకొచ్చేది. మేం తినేవాళ్ళం. సంతోషంగా తినేవాళ్ళం, అదే ఇప్పుడు తలుచుకుంటే కష్టం.

అందుకే మా ఇంట్లో ఒక్క మెతుకు వదలకూడదు. కంచం కడగక్కర్లేనంత శుభ్రంగా తినాలి. ముప్పై ఏళ్ళు అలాగే తిన్నా. ఆపరేషన్ తర్వాత నా ప్రతి కంచంలో ఎంగిలి మిగులుతోంది. ఎంత కొంచెం పెట్టుకున్నా ఒకరోజు దిగుతుంది, ఒకరోజు దిగదు. హోటల్లో ప్లేటు పక్కకి జరిపితే టేబుల్ తుడిచే పిల్ల వచ్చి తీసుకుపోతుంది. ఆ పిల్ల ఎవరో నాకు తెలుసు. పేరు తెలియకపోయినా తెలుసు.

ఇంట్లో మాత్రం నా కంచం మా అమ్మ తీసుకుంటుంది. "పారెయ్యమ్మా" అంటే వినదు. "అన్నం పారేసేంత గొప్పోళ్ళమా?" అంటుంది. తను తినేసి, మళ్ళీ నాది తింటుంది. పెళ్ళిళ్ళలో ఊరోళ్ళ ఎంగిలి ఎత్తిన చేత్తో ఇప్పుడు బిడ్డ ఎంగిలి తింటోంది. మొదట్లో ప్రేమ అనుకున్నా. ఒక రోజు ఆమె షుగర్ చూపిస్తే 280. నేను పొట్ట కోయించుకుని వదిలిన అన్నం మా అమ్మ ఒంట్లోకి పోయింది. ఆ రోజు ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. తర్వాత నా చిన్నప్పటి సత్తుగిన్నె అటక మీద నుంచి దింపా. అందులో పట్టినంతే పెట్టుకుంటా. ఇప్పటికీ ఒక్కోరోజు మిగులుతుంది. అమ్మ ఇంకా చెయ్యి చాపుతుంది.

72 నుంచి ఇప్పుడు 86కి వచ్చా. మూడు నెలల షుగర్ 6.3, మెల్లగా పైకి పాకుతోంది. చాలామందికి ఏళ్ళు గడిచేకొద్దీ కొంత బరువు తిరిగి వస్తుందని డాక్టర్లే చెప్తారు. ఒళ్ళు తన పాత బరువుని అంత తేలిగ్గా మర్చిపోదు. కానీ స్టాఫ్‌రూమ్‌కి ఆ శాస్త్రం అక్కర్లేదు. "అంత ఖర్చు పెట్టి కూడా నోరు కట్టుకోలేకపోయారా" అని అడిగారు. నేను ఆపరేషన్ సంగతి చెప్పకపోయినా ఎలాగో తెలిసింది వాళ్ళకి. తెలియనిది మనవాళ్ళకే. ఎందుకంటే మనవాళ్ళ దగ్గరే నేను దాచా. ఆకలి మీద థీసిస్ రాసిన మనిషి ఎక్కువ తిన్నందుకు పొట్ట కోయించుకుందంటారేమోనని సిగ్గు. స్టాఫ్‌రూమ్ నా గురించి అన్న మాటనే నేను నాకు అంటించుకున్నా.

పోయిన నెల ఒక విద్యార్థిని ఇన్‌బాక్స్‌లో అడిగింది, "అక్కా, నేను చేయించుకోవాలా వద్దా?" అని. 110 కిలోలు, షుగర్ ఉంది. నేను వద్దనలేదు. ఈ ఆపరేషన్ లేకపోతే నా కాళ్ళు రెండూ ఇప్పుడు ఉండేవో లేదో. చేయించుకోమనీ అనలేదు. మూడు ప్రశ్నలు అడిగా. నెలనెలా మందులకి, ఏటా రక్తపరీక్షలకి జీవితాంతం డబ్బు ఎవరిస్తారు? నువ్వు తినలేని రోజు ఇంట్లో ఎవరికి అర్థమవుతుంది? ఇది నీ ఒంటి కోసమా, ఎవరో అన్న మాట కోసమా? మూడోదానికి "రెండూ" అని రాసింది. నేనూ నిజం చెప్తే అదే రాసేదాన్ని.

జయంతి తర్వాత వారం ఆ పల్లెలో మనకి తెలిసినవాళ్ళ ద్వారా ఆ కుర్రాడి నంబరు తీసుకుని ఫోన్ చేశా. ముందు భయపడ్డాడు, తిడతాననుకున్నాడు. మొత్తం చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మేడం, ఆ రోజే చెప్పొచ్చుగా. పెద్దమ్మ రెండు రోజులు బాధపడింది" అన్నాడు. నిజమే. ఉప్పు ఎక్కువైందేమోనని ఆమె రెండు రోజులు కూర గురించి ఆలోచించింది, నేను నా పరువు గురించి ఆలోచించా.

ఆ పిల్లాడే ఫోన్ పెద్దమ్మకి ఇచ్చాడు. పొట్ట చిన్నది చేశారు పెద్దమ్మా, ఒక్కసారి పట్టదు అని చెప్పా. "ఎందుకు చేయించుకున్నావే తల్లీ" అని అడిగి, నేను చెప్పేలోపే "పోన్లే, పానం ఉందిగా" అంది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని చెప్పా. కూర బాగా మెత్తగా ఉడకనిచ్చి, సన్నగా తుంచి, చిన్న గిన్నెలో పెట్టమన్నా. పన్నెండింటికి కొంచెం, రెండున్నరకి కొంచెం, మధ్యలో నీళ్ళు ఇవ్వొద్దని చెప్పా.

"ఏందే, హోటలనుకున్నావా?" అంది పెద్దమ్మ.